పాచిని పెరగనివ్వండి

ఉప్పునీటి ట్యాంకు పెట్టిన మూడో వారానికి గాజు గోధుమరంగుకు తిరుగుతుంది. తెల్లటి ఇసుక మాసిపోతుంది, రాళ్ల మీద చెయ్యి పెడితే పొడి అంటుకుంటుంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ నీళ్లు పాడైపోయాయంటారు. అమ్మినవాళ్లు ఒక మందు సీసా చూపిస్తారు. పక్కింటి పెద్దమనిషి మొత్తం పారబోసి, రాళ్లు ఎండబెట్టి, మళ్లీ మొదలుపెట్టమంటాడు. ఈ ముగ్గురి మాటా వినకండి. గుడ్డ పట్టుకోకండి, దేన్నీ చంపకండి. ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కూర్చోండి. పాచి ఏ రంగులో ఉంది, ఎక్కడ పుట్టింది, దీపం ఆర్పాక ఏమవుతోంది, ఇవన్నీ తేదీ వేసి రాసుకోండి. మొదటి నాలుగు నెలలూ పాచిని పెరగనివ్వాలన్నదే నా సలహా. తలకిందుల సలహా అని చాలామంది అంటారు. ఏ తీరం చూసినా వందల కిలోమీటర్ల దూరంలో, తాండూరు పక్కన ఉన్న బషీరాబాద్‌లో సముద్రాన్ని గాజుపెట్టెలో నిలబెట్టాలనుకునేవారికి ఇంతకంటే క్షేమమైన దారి నాకు కనపడదు.

ఎందుకో చెబుతాను. కొత్త ట్యాంకులో రాళ్లకు అంటుకొచ్చిన మడ్డి, మీరు వేసిన మేత, చచ్చిన సూక్ష్మజీవులు కుళ్లి అమ్మోనియా అవుతాయి. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల సందుల్లో స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతటితో పని అయిపోదు. నైట్రేటూ ఫాస్ఫేటూ నీళ్లలోనే నిలిచిపోతాయి. వాటిని పట్టి ఒంట్లో దాచుకోవడం పాచి చేసే పని. అందుకే ట్యాంకు నిండా పచ్చటి పాచి ఉన్నా పరీక్షలో నైట్రేట్ సున్నా చూపిస్తుంది, కొత్తవాళ్లు కిట్ పాడైందనుకుంటారు. కిట్ బాగానే ఉంది, సరుకు పాచి ఒంట్లో ఉంది. ఒక్కరాత్రిలో మందు పోసి దాన్ని చంపితే దాచుకున్నదంతా ఒక్కసారిగా నీళ్లలోకి దిగుతుంది. కుళ్లే పాచి ఆక్సిజన్‌ను తినేస్తుంది, అమ్మోనియా ఎగబాకుతుంది. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పట్టుకుంటే, సముద్రపు నీళ్లు 7 కూడా పట్టుకోలేవు. చేపలకు ముందే ఊపిరి తక్కువ ఉన్న చోట ఈ ప్రయోగం చేయకూడదు.

ఈ సంగతి మన రొయ్యల రైతులకు బాగా తెలుసు. భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో వెనామీ పిల్లను వదలడానికి ముందు నీళ్లకు రంగు తెప్పిస్తారు. తవుడూ బెల్లమూ పులియబెట్టి చల్లుతారు. లేత గోధుమరంగు తిరిగితే సంతోషిస్తారు, ఎందుకంటే అది డయాటమ్‌లనే సూక్ష్మ పాచి రంగు. నలుపు తెలుపు గుండ్రటి పలకను తాడు కట్టి నీళ్లలోకి దించుతారు. 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతులో అది కనుమరుగైతే పాచి సరిపడా ఉన్నట్టు లెక్క. పాచి పెరుగుతుందన్న భయం వాళ్లకు లేదు, ఒక్కసారిగా చచ్చిపోతుందన్న భయమే. ముసురు పట్టి రెండు మూడు రోజులు ఎండ మొహం కనపడకపోతే రంగు విరుగుతుంది, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది, ఏరేటర్లు ఆగకుండా తిప్పుకుంటూ గట్టు మీదే కాపలా ఉంటారు. ఎకరాల కొద్దీ పాచిని పెంచి బతుకుతున్నవాళ్లు మన భాషలోనే ఉండగా, 200 లీటర్ల పెట్టెలో అదే గోధుమరంగు చూసి మనవాళ్లు బెదిరిపోతుంటే నాకు బాధేస్తుంది.

ఇంటి అక్వేరియం పుట్టిందే ఈ ఆలోచనలోంచి. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు గోల్డ్‌ఫిష్‌నూ నీటిమొక్కనూ ఒకే పాత్రలో ఉంచి చూశాడు. ఆకులు కుళ్లి, గాజు పాచి పట్టినప్పుడు ఆయన నీళ్లు పారబోయలేదు, నత్తలను వదిలాడు. చేప, మొక్క, నత్త మూడూ ఉంటే నీళ్లు నిలుస్తాయని 1850లో ప్రకటించాడు. తరువాత సముద్రపు నీళ్లతోనూ ప్రయత్నించి, పెద్ద గోధుమరంగు నాచుల కంటే పచ్చ నాచులే ట్యాంకులో బాగా పనిచేస్తాయని గమనించాడు. పంపులూ ఫిల్టర్లూ లేని రోజుల్లో సముద్రజీవిని బతికించింది నాచే.

నీళ్ల దగ్గర మాత్రం మొండిగా ఉండండి

పాచిని పెరగనివ్వమన్నాను కదా అని బోరు నీళ్లు పోసేయకండి. ఏ పాచి, ఎంత పాచి అన్నది మీరు పోసే నీళ్లే నిర్ణయిస్తాయి. తాండూరు, బషీరాబాద్ ప్రాంతమంతా సున్నపురాయి పరుపుల మీద ఉంది. ఇక్కడి బోరు నీళ్లు గట్టివి, బకెట్ అంచున తెల్లటి పెచ్చు కట్టే నీళ్లు. ఆ గట్టిదనం వల్ల సముద్రపు చేపలకు పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బంది పెట్టేవి కంటికి కనపడనివి: రాళ్లలోంచి కరిగిన సిలికా, పొలాల్లోంచి దిగిన నైట్రేట్. డయాటమ్ తన గుల్లను సిలికాతో కట్టుకుంటుంది. అది లేకపోతే పెరగలేదు.

ట్యాంకులోంచి ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పూ సిలికా అందులోనే ఉండిపోతాయి. లెక్క వేసి చూడండి. లీటరుకు 30 మిల్లీగ్రాముల సిలికా ఉన్న బోరు నీళ్లను రోజుకు 4 లీటర్ల చొప్పున, ఆవిరైనదానికి బదులుగా పోశారనుకుందాం. నెలకు 3.6 గ్రాముల సిలికా మీ ట్యాంకులో చేరుతుంది. డయాటమ్‌లు ఎన్ని తిన్నా తరగని మేత అది. కొత్త ట్యాంకులో నాలుగైదు వారాల్లో తనంతట తాను తగ్గిపోవాల్సిన గోధుమరంగు ఏడాదైనా పోలేదంటే ముందు చూడాల్సింది ఈ బకెట్‌నే.

వంటింట్లో గోడకు బిగించిన ఆర్ఓ యంత్రం సరిపోతుందని చాలామంది చెబుతారు. చాలా యంత్రాల్లో రుచి కోసం కొంత పచ్చి నీటిని తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది, కొన్నిటిలో ఖనిజాలు కలిపే గొట్టం కూడా ఉంటుంది. మనుషులు తాగడానికి మంచిదే, ట్యాంకుకు పనికిరాదు. ఆ రెండూ లేని ఆర్ఓ కావాలి, దాని తరువాత అయాన్లను తీసేసే డీఐ రెజిన్ గొట్టం ఒకటి బిగించాలి. కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ పెన్ను సున్నా చూపించాలి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. సిలికా నీటిలో పెద్దగా అయాన్లుగా విడిపోదు కాబట్టి టీడీఎస్ పెన్నుకు దాదాపు చిక్కదు, రెజిన్ అరిగిపోయేటప్పుడు అన్నిటికంటే ముందు జారిపోయేది అదే. పెన్ను ఇంకా సున్నా చూపిస్తుండగానే గోధుమరంగు మళ్లీ తిరిగిందంటే రెజిన్ మార్చే వేళైందని అర్థం. ఆర్ఓ వదిలేసే వృథా నీటిని మోరీలో పోయనివ్వకండి. గిన్నెలకూ గచ్చుకూ చక్కగా పనికొస్తుంది, మన ప్రాంతంలో నీళ్ల విలువ ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఉప్పు సంగతి. రాళ్లుప్పు వేస్తే సముద్రం అవుతుందనే మాట ఊళ్లో గట్టిగా వినిపిస్తుంది. కాదు. సముద్రపు లవణాల్లో సోడియం, క్లోరైడ్ కలిపి 85 శాతం దాకా ఉంటాయి, మిగిలినదాంట్లో మెగ్నీషియం, సల్ఫేట్, కాల్షియం, పొటాషియం ఉన్నాయి. చేపకూ నత్తకూ ప్రాణం నిలిపేది ఆ మిగిలిన వాటా. మెరైన్ సాల్ట్ అని అమ్మేదే కొనండి, లీటరుకు 35 గ్రాముల పైచిలుకు పడుతుంది, సాంద్రత 1.025 దగ్గర నిలపండి. సూర్యలంక తీరం నుంచి డబ్బాల్లో సముద్రపు నీళ్లు తెచ్చుకుందామన్న సరదా కూడా మానుకోండి. ఒడ్డున దొరికే నీళ్లలో మడ్డి, చుట్టుపక్కల కాలువలు మోసుకొచ్చిన ఎరువు ఉంటాయి. బషీరాబాద్ చేరేలోపు ఆ డబ్బాల్లోనే కుళ్లడం మొదలవుతుంది.

రాయి ట్యాంకు కింద, సిమెంటు ట్యాంకులో

మన ఊళ్లో రాయికి కొదవ లేదు. తాండూరు బండలు పరవని ఇల్లు లేదు. అదే రాయి ట్యాంకులో పేర్చవచ్చా అని అడుగుతారు. ఈ సున్నపురాయి కోట్ల ఏళ్ల కిందట లోతులేని సముద్రం అడుగున పేరుకున్న బురదే కాబట్టి, సముద్రానికి సముద్రపు రాయి తిరిగివ్వడం అందంగా అనిపిస్తుంది. నాకూ ఇష్టమే. కానీ తాండూరు బండ సన్నటి రేణువుల గట్టి రాయి, అందులో రంధ్రాలు లేవు. బ్యాక్టీరియా కాపురం పెట్టడానికి చోటు లేని రాయి ట్యాంకులో వట్టి బరువు. బండను ట్యాంకు కింద వేయండి. 200 లీటర్ల ట్యాంకు నీళ్లతో, రాళ్లతో, గాజుతో కలిపి రెండు క్వింటాళ్లు దాటుతుంది, ఆ బరువును నిశ్చింతగా మోస్తుంది.

లోపల పెట్టడానికి సిమెంటు రాయి చేసుకోండి. తాండూరు సిమెంటుకు పేరున్న ఊరు కాబట్టి ఇది మనకు సులువు. ఒక పాలు సిమెంటుకు మూడు నాలుగు పాళ్లు నలగ్గొట్టిన ఆల్చిప్పల గుల్ల, ఒక పాలు దొడ్డుప్పు కలిపి ముద్దలుగా పోయాలి. గట్టిపడ్డాక నీళ్లలో నానబెడితే ఉప్పు కరిగిపోయి దాని చోట రంధ్రాలు మిగులుతాయి. సిమెంటులోని సున్నం కారి పీహెచ్ విపరీతంగా పెరుగుతుంది కాబట్టి ఆరేడు వారాలు నీళ్లు మారుస్తూ నానబెట్టాల్సిందే, తొందరపడితే చేప చచ్చిపోతుంది. సిమెంటులోంచి కొంత సిలికా కూడా వస్తుంది, మొదట్లో గోధుమరంగు కాస్త ఎక్కువే వస్తుంది. రానివ్వండి.

పగడపు ముక్కలు, ఎవరో తీరంనుంచి తెచ్చామని చెప్పే ‘లైవ్ రాక్’ కొనకండి. 2001లో పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేరాయి. చచ్చిన పగడాన్ని అమ్మినా నేరమే. పట్టుబడతామన్న భయం ఒకవైపు ఉంచండి. మన్నార్ సింధుశాఖ అడుగున పగడాన్ని పగలగొట్టి బషీరాబాద్‌లో సముద్రం కట్టడంలో అర్థం ఉందా?

కాగ్నా ఏటి ఇసుక వేయడం వల్లే గోధుమరంగు వస్తుందని కూడా చెబుతారు. ఇసుకలోని స్ఫటికం నీటిలో దాదాపుగా కరగదు, తప్పు దాని మీద వేయకండి. ఏటి ఇసుకతో అసలు చిక్కు అందులోని బంకమట్టి, కుళ్లిన ఆకులు. ఎంత కడిగినా మిగులుతాయి. అరగోనైట్ ఇసుక దొరికితే అదే మేలు.

పేరు తెలిశాకే చెయ్యి పెట్టండి

అన్నీ పాచే అనుకుని అన్నిటికీ ఒకే మందు వాడటం దగ్గరే చాలా ట్యాంకులు చెడిపోతాయి. మొదట వచ్చేది డయాటమ్. గోధుమరంగు పొడి, వేలితో రాస్తే లేచిపోతుంది, గట్టిగా అంటుకోదు. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో సుమారు ఐదో వంతు వీటిదే. దీనికి చేయాల్సింది ఏమీ లేదు. లోపల చూడటానికి ముందువైపు గాజు మీద మీకు కనపడేంత మేర మాత్రం తుడుచుకోండి, వెనక గాజునూ పక్క గాజులనూ వదిలేయండి.

తరువాత ఎర్రటి, ఊదారంగు పొర రావచ్చు. చేత్తో పట్టుకుంటే తోలులా మొత్తంగా ఊడివస్తుంది, వాసన వేస్తుంది, మధ్యాహ్నానికి మీద గాలిబుడగలు లేస్తాయి. ఇది సయనోబ్యాక్టీరియా. పాచి కాదు, బ్యాక్టీరియా. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట భూమి గాలిలోకి ఆక్సిజన్ నింపడం మొదలుపెట్టిన కుటుంబం. నైట్రేట్ సున్నా చేస్తే ఇది చస్తుందని చెబుతారు, ఇక్కడ మన కంది రైతును అడగండి. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ చేనుకు యూరియా కుమ్మరించరు, ఎందుకంటే కంది వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని తానే పట్టిస్తుంది. సయనోలో చాలా రకాలు అదే విద్య తెలిసినవి. మీరు నైట్రేట్‌ను పూర్తిగా ఊడ్చేస్తే పస్తులుండేది మిగతా పాచి, సయనో మాత్రం హాయిగా విస్తరిస్తుంది. నీటి వడి తక్కువున్న మూలల్లో ఇది పుడుతుంది, నీటిని తోసే పవర్‌హెడ్‌ను అటు తిప్పండి. సన్నటి పైపుతో పొరను లాగేయండి. మెడికల్ షాపులో ఎరిత్రోమైసిన్ బిళ్లలు కొని పొడిచేసి వేసే పద్ధతి మాత్రం వద్దు. పొర మాయమవడం నిజమే కానీ, మీరు నెలన్నర కష్టపడి పెంచుకున్న బ్యాక్టీరియాకూ ఎంతోకొంత దెబ్బ తగులుతుంది, పొర కుళ్లేటప్పుడు ఆక్సిజన్ పడిపోతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది డైనోఫ్లాజెల్లేట్ల దగ్గర. డయాటమ్ అనుకుని వదిలేసినవారికీ, సయనో అనుకుని మందు వేసినవారికీ దీని సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. గోధుమరంగు చీమిడి తీగలు, తీగల చివర గాలిబుడగలు. ఉదయం పలచగా ఉండి, సాయంత్రానికి దట్టమై, దీపం ఆర్పాక మాయమైపోయి, మర్నాడు మళ్లీ వస్తుంది. నత్తలు గాజు మీద నుంచి జారి పడిపోతూ, చచ్చిపోతూ ఉంటే అనుమానం మరీ గట్టిపడుతుంది. తేల్చుకోవడం కష్టమేమీ కాదు. కొంత తీగను నీళ్లతో సహా చిన్న సీసాలోకి తీయండి, గట్టిగా కుదపండి, పలచటి కాగితపు రుమాలులోంచి వడకట్టండి, వడిసిన నీళ్లను గంటసేపు దీపం కింద పెట్టండి. మళ్లీ తీగలు కట్టిందంటే డైనోనే. దగ్గర్లోని జూనియర్ కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో 400 రెట్లు పెద్దది చేసి చూపే సూక్ష్మదర్శిని ఉంటుంది. లెక్చరర్ సార్‌ను మర్యాదగా అడిగితే ఒక చుక్క చూడనిస్తారు. నీటిబొట్టు ఆకారంలో ఉండి ఒక చోటే గిరగిరా తిరిగితే ఆస్ట్రియాప్సిస్, ఇసుక రేణువుల మధ్య పాకుతూ పోతే యాంఫిడినియమ్ కావచ్చు. ఆస్ట్రియాప్సిస్‌లో విషం ఉంటుంది, చేతికి గ్లవ్స్ లేకుండా ఆ రాళ్లు ముట్టుకోకండి.

డైనో ఎందుకు వస్తుందన్నదే నా మొత్తం వాదనకు ఆధారం. కొత్త ట్యాంకును అతిగా శుభ్రం చేసి, ఫాస్ఫేట్ పీల్చే పొడి వాడి, నైట్రేటూ ఫాస్ఫేటూ సున్నాకు దించినప్పుడు పచ్చ పాచీ డయాటమ్‌లూ మాడిపోతాయి. ఖాళీ అయిన చోటుకు డైనో వస్తుంది. అందుకే దీనికి మందు కూడా తలకిందులుగానే ఉంటుంది: ట్యాంకుకు ఎరువు వేయాలి. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 పీపీఎం మధ్య నిలపాలి. ల్యాబ్ గ్రేడ్ సోడియం నైట్రేట్ 1 గ్రాము 100 లీటర్లలో కలిపితే నైట్రేట్ సుమారు 7 పీపీఎం పెరుగుతుంది. ఎరువుల దుకాణంలో 13-0-45 అని దొరికేది పొటాషియం నైట్రేటే కానీ పొలానికి తయారైన సరుకు, ట్యాంకులో వేయకండి. ఆస్ట్రియాప్సిస్ రాత్రి నీళ్లలోకి లేస్తుంది కాబట్టి యూవీ దీపం పనిచేస్తుంది. యాంఫిడినియమ్ ఇసుక వదలదు, దానికి యూవీ దండగ. దానికోసం సిలికాను కావాలని కొంచెం కొంచెంగా పోసి, డయాటమ్‌లను పెంచి, చోటు లేకుండా చేసే పద్ధతిని అనుభవజ్ఞులు పాటిస్తున్నారు. మూడో వారంలో మీరు తుడిచేయాలనుకున్న గోధుమరంగును డబ్బు పెట్టి మళ్లీ తెచ్చుకోవడం అన్నమాట. మొదట్లోనే ఉండనిస్తే పోలేదా?

సముద్రంలోనూ ఇదే లెక్క నడుస్తుంది. చలికాలంలో అరేబియా సముద్రపు ఉత్తర భాగాన్ని పచ్చగా మార్చే నాక్టిల్యూకా కూడా డైనోఫ్లాజెల్లేటే. హైదరాబాద్‌లో 1999లో మొదలైన ఇన్‌కాయిస్ సంస్థ ఇలాంటి పాచి విజృంభణలను ఉపగ్రహాల కంటితో చూసి సమాచారం ఇస్తుంది. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రపు పాచిని రోజూ గమనించడం మన రాష్ట్రంలో కొత్త కాదు.

పచ్చటి జుట్టు పాచి రెండో, మూడో నెలలో వస్తుంది. చేత్తో పీకండి, పీకింది బయటపడేయండి. నీళ్లలోంచి నైట్రేట్, ఫాస్ఫేట్ శాశ్వతంగా బయటికి పోయే దారుల్లో ఇదొకటి. ఈకల్లా రెండు వైపులా విచ్చుకున్న పోగులుంటే బ్రయాప్సిస్, దాని వేరు ముక్క మిగిలినా మళ్లీ వస్తుంది, రాయి బయటికి తీసి పీకండి. పచ్చటి గాజుపూసలాంటి బుడగలు వాలోనియా, వాటిని ట్యాంకులో పగలగొట్టకండి, బుడగను చెక్కుచెదరకుండా మొదలంటా లేపండి. ఇక గాజు మీద, రాయి మీద గులాబి, ఊదా మచ్చలు గట్టిగా అతుక్కుని గోటికి రాకపోతే అది కోరలైన్. దాన్ని గీకేవాళ్లను చూస్తే చేతులు పట్టుకుని ఆపాలనిపిస్తుంది. కాల్షియం 400 పీపీఎం పైన నిలబడి, ట్యాంకు కుదుటపడ్డాక వచ్చే పాచి అది.

సుబ్బారావు గారి నీలం

కిట్ కొనే దగ్గర డబ్బుకు వెనకాడకండి. ఫాస్ఫేట్ కిట్‌లో రెండు మూడు చుక్కలు వేసి కుదిపితే నీళ్లు నీలమవుతాయి. మాలిబ్డేట్‌తో ఫాస్ఫేట్‌ను పట్టి నీలంగా మార్చి, ఆ నీలపు గాఢతతో కొలిచే పద్ధతిని సులువుగా, నమ్మదగ్గదిగా చేసినవారిలో మనవాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి ప్రపంచంలోని ప్రయోగశాలల్లో దశాబ్దాలపాటు నడిచింది. ఇప్పటి కిట్లలో నీలం తెప్పించే రసాయనం మారింది, కుటుంబం అదే. ఆయన పుట్టిన ఊరి చుట్టూ ఇవాళ రొయ్యల చెరువులున్నాయి. ఆయన తీర్చిదిద్దిన నీలం రంగు బషీరాబాద్‌లో ఒక గాజు గొట్టంలో తేలితే నాకు గర్వంగా ఉంటుంది. వారానికి ఒకసారి ఒకే రోజు, ఒకే వేళ కొలిచి రాసుకోండి. ఒక్క అంకెతో ఏమీ తెలియదు, ఎనిమిది వారాల అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తేనే పాచి ఎటు నడుస్తోందో తెలుస్తుంది.

మైలుతుత్తం ఇంటికి తేకండి

వ్యవసాయం చేసే ఊళ్లో ఈ హెచ్చరిక తప్పదు. మైలుతుత్తం చల్లితే చెరువు పాచి పోతుందని తెలిసిన పెద్దలు ప్రేమగానే సలహా ఇస్తారు. మైలుతుత్తంలోని రాగి పాచిని చంపడం నిజం. నత్తను, రొయ్యను, పీతను, పగడపు జాతి దేన్నైనా అంతకంటే ముందు చంపుతుంది. సున్నపు రాయి, ఇసుక రాగిని పట్టుకుని నెలల తరబడి కొద్దికొద్దిగా వదులుతాయి. నీళ్లన్నీ మార్చినా ఆ ట్యాంకులో నత్త బతకడం అనుమానమే. రాగి పడిన రాళ్లను మళ్లీ వాడకపోవడమే మంచిది. బ్లీచింగ్ పౌడర్, పటిక విషయంలోనూ నా మాట ఇదే.

పాచిని తింటుందని సర్జన్ చేపను తెచ్చే సలహా కూడా ఇలాంటిదే. దానికి ఈదడానికి మీ ట్యాంకుకు అనేక రెట్ల చోటు కావాలి. అది తిన్న పాచి మలమై అదే నీళ్లలో ఎరువవుతుంది, పైగా మీరు వేసే మేత కూడా తోడవుతుంది. నత్తలు మేలు, కానీ దుకాణంలో చెప్పినట్టు డజన్ల కొద్దీ తేకండి. పాచి తగ్గగానే అవి ఆకలితో చచ్చి కుళ్లుతాయి. 200 లీటర్లకు నాలుగైదు తెచ్చి, నెల చూసి, అప్పుడు ఇంకో రెండు. నత్తల్లోనూ చట్టం కాపాడే జాతులున్నాయి, పేరు అడిగి కొనండి.

పాచికి ఒక గది ఇవ్వండి

నాలుగు నెలలు దాటాక కూడా పాచిని పెంచండి, కాకపోతే మీరు చెప్పిన చోట. ట్యాంకు వెనకో, కిందో ఒక చిన్న గాజుపెట్టె పెట్టి, ట్యాంకు నీళ్లు అందులోంచి తిరిగేలా చేయండి. అందులో కీటోమార్ఫా నాచు వేసి, ఒక మామూలు ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. ట్యాంకు దీపం ఆరాక ఆ బల్బు వెలగాలి. రాత్రి ట్యాంకులోని పాచి ఊపిరి పీల్చుకుంటూ ఆక్సిజన్ వాడుకుంటుంది, పీహెచ్ పడుతుంది. పక్కపెట్టెలోని నాచు అదే వేళ ఆక్సిజన్ తయారుచేసి రెంటినీ నిలబెడుతుంది. రెండు వారాలకోసారి పెరిగిన నాచులో సగం తీసి ఎండబెట్టి కూరగాయల మడిలో వేయండి, ఉప్పు పోయేలా ముందు కడగండి. ఇలా నాచు తీసినప్పుడల్లా నైట్రేట్, ఫాస్ఫేట్ ఇల్లు దాటి పోతాయి. కాలెర్పా కూడా పెంచుతారు, విశాఖ రాళ్ల మీద దాని జాతులు కనిపిస్తాయి. కానీ అది ఒక్కోసారి ఒకే రాత్రిలో బీజకణాలు వదిలి కరిగిపోయి నీళ్లు పాలలా చేస్తుంది, కొత్తవాళ్లకు వద్దు.

రాళ్ల మీద ఏ నాచు ఎప్పుడు వస్తుంది, దేని తరువాత ఏది వస్తుందన్నది విశాఖ తీరంలో టి. శ్రీరాములు, ఎం. ఉమామహేశ్వరరావు అనే పరిశోధకులు అధ్యయనం చేసి 1964లో ప్రచురించారు. కెరటాలు తాకే రాయి మీద నాచులు రుతువును బట్టి వస్తాయి, పోతాయి, ఒకదాని చోట మరొకటి నిలుస్తుంది. మీ గాజుపెట్టెలో జరిగేదీ అదే, కాలం మాత్రం కుదించుకుపోయి ఉంటుంది. ఆ వరుసను మధ్యలో తెంపినప్పుడల్లా ట్యాంకు మొదటికి వస్తుంది.

మే నెల గురించి. తాండూరు ఎండలో ట్యాంకు 30 డిగ్రీలు దాటకుండా చూడాలి, 26 దగ్గర ఉంటే మేలు. నీటి మీదికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, దానితో పాటు ఆవిరీ పెరుగుతుంది. ఆ లోటును ఆర్ఓ-డీఐ నీటితోనే, రోజూ పూడ్చండి, ఉప్పునీటితో కాదు. పడమటి కిటికీ పక్కన ట్యాంకు పెట్టకండి. ట్యాంకు దీపాన్ని మొదటి రెండు నెలలు రోజుకు ఆరు గంటలకు మించి వెలిగించకండి, టైమర్ పెట్టుకోండి. కరెంటు పోయినప్పుడు నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండి తీరాలి. పాచి దట్టంగా ఉన్న ట్యాంకులో రాత్రి కరెంటు పోతే ఆక్సిజన్ త్వరగా పడిపోతుంది.

మొదటి చేప ఎప్పుడంటారా? అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరుసగా మూడు వారాలు సున్నా ఉండాలి. గోధుమరంగు వచ్చి తగ్గి ఉండాలి. వెనక గాజు మీద పచ్చ పొర పలచగా నిలిచి ఉండాలి, నత్తలు దాన్ని మేస్తూ ఉండాలి. అప్పుడు ఒక్క క్లౌన్ చేప, వీలైతే సముద్రంలో పట్టింది కాక హాచరీలో పుట్టింది, తెచ్చుకోండి. మండపం ఊళ్లోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ కేంద్రం మన దేశంలోనే వాటిని గుడ్ల నుంచి పెంచి చూపింది కాబట్టి అడిగితే దొరుకుతాయి. దాన్ని తెచ్చే రోజు పొద్దున వెనక గాజు తుడవకండి.